మూత లేని గిన్నె

బల్ల మీద గిన్నె ఉంది. గిన్నె మీద మూత లేదు, మూతకు బదులు ఎవరో ఒక పింగాణీ పళ్ళెం బోర్లించారు, ఆ పళ్ళెం గిన్నె నోటికి చాలక ఒక పక్కకు జారింది, ఆ సందులోంచి ఆవిరి సన్నగా పైకి పోతోంది, నేను కుర్చీలో కూర్చుని దాన్నే చూస్తున్నాను. తెర అవతల మా ఆవిడ నిద్రపోతోంది. ఊపిరి వదిలినప్పుడల్లా చివర్లో చిన్న ఈల వస్తోంది, వాషరు అరిగిన కుక్కరులా. ఆసుపత్రినుంచి తెచ్చిన కొత్తలో ఆ ఈల కూడా వచ్చేది కాదు, తెర తొలగించి ముక్కు దగ్గర వేలు పెట్టి చూసుకునేవాణ్ణి. ఇప్పుడు అది వింటుంటే ఇంతకంటే మంచి చప్పుడు లోకంలో లేదనిపిస్తుంది, ఈ మాట ఆవిడతో అనను, అంటే నన్ను కుక్కరును చేశారా అని ఊరంతా చెబుతుంది. ఆపరేషన్ అయినప్పటినుంచి నీళ్ళలాంటివే తాగించాం. ఇవాళ్టినుంచి సూపులో రొట్టె నానబెట్టి పెట్టొచ్చని డాక్టరు చెప్పాడు. నిన్న పక్కింటావిడ పలకరించడానికి వస్తే, రేపు మధ్యాహ్నం నేను నమలబోతున్నాను అని మా ఆవిడ చెప్పింది, పెళ్ళికి పిలిచినట్టు. గిన్నెలో ఉన్నది కోడి సూపే, వాసన చెబుతోంది, పక్కన గుడ్డలో చుట్టిన రొట్టె కూడా ఉంది. లేచి ఒక చిన్న గిన్నెలోకి వంచి, రొట్టె తుంచి వేసి, మంచం దగ్గరకు తీసుకెళ్ళడమే తరువాయి. నా చెయ్యి లేవడం లేదు. ఎందుకంటే ఈ గిన్నెకు ఎడమ చెవిని బిగించిన పై రివిట్టు వంకర. ఆ వంకర నా చేతిది. ఈ గిన్నె మా అన్నది.

తాళాలవ్వ గుమ్మంలో నిలబడి గిన్నె అందించినప్పుడే చూశాను. చర్చి వెనక వంటగది తాళాలు ఆవిడ నడుముకే వేలాడుతుంటాయి, అందుకని ఆ పేరు, అసలు పేరు పాస్టరు గారికైనా తెలుసో లేదో. అందుకోబోయిన చేతులు వెనక్కి తీసుకున్నాను. ఇది మా అన్న గిన్నె, తీసుకెళ్ళిపో అవ్వా అన్నాను. ఆవిడకు కోపం రాలేదు, మెట్లెక్కి వచ్చింది కదా, ముందు కొంచెం ఊపిరి పీల్చుకుంది, నన్ను పక్కకు జరిపి లోపలికి వచ్చి గిన్నె బల్ల మీద పెట్టింది, పెట్టి కొంగుతో చేతులు తుడుచుకుంటూ అడిగింది.

"గిన్నె మీ అన్నదే. అయితే వండింది ఎవరు?"

"గిన్నె వాడిదైతే వంట వాడింటిదే కదా."

"ఓరి పిచ్చి నాయనా. ఇన్నాళ్ళూ నువ్వు గిన్నెలు చూసి మనుషుల్ని లెక్కేసుకుంటున్నావా?"

నవ్వింది. ఆ వయసులో అంత నవ్వు రాకూడదు, గోడ పట్టుకుని మరీ నవ్వింది, మా ఆవిడ లేస్తుందేమోనని నేను తెర వైపు చూశాను. తర్వాత నెమ్మదిగా చెప్పింది. వండినవాళ్ళు వాళ్ళ వాళ్ళ గిన్నెల్లో పొద్దున్నే తెస్తారట, ఆవిడ వాటిని వంటగది అలమరలోని గిన్నెల్లోకి వంచుతుందట, ఏ ఇంటి వంట ఏ గిన్నెలోకి పోతుందో ఆవిడ గరిటెకు ఆ పూట ఏది అందితే అదట. అలమరలో ఉన్నవన్నీ ఎవరో ఒకరు ఎప్పుడో ఒకప్పుడు ఇచ్చేసినవే. మీ అన్న దీన్ని మీరు వేరుపడిన ఏడే తెచ్చి అక్కడ పెట్టాడు, అప్పటినుంచి ఇది ఎన్నిళ్ళు తిరిగిందో, ఎందరు బాలింతలకు పోయిందో, చావింటికి పోయిందో నాకే తెలీదు అంది. పోతూ పోతూ గుమ్మంలో ఆగి, "తినకపోతే మానెయ్, నిన్నెవడు బతిమాలాడు. ఆ పిల్ల లేచేసరికి మాత్రం వేడిగా ఉండాలి" అంది. మా ఆవిడ జుట్టు సగం నెరిసింది, అవ్వకు ఇంకా పిల్లే.

ఆవిడ పోయింది. నేను కూర్చున్నాను. ఆవిరి పోతోంది.

అంటే టైర్ల కొట్టువాడు కాదన్నమాట. ఇది ముందు తేల్చుకోవాలి. ఆసుపత్రినుంచి వచ్చిన మొదటి వారంలో ఒక లోతు గిన్నె వచ్చింది, దాని అడుగున అతుకు నా కొట్టులో నేను వేసిందే, టైర్ల కొట్టువాడి భార్య తెచ్చి వేయించుకుంది, బాగా గుర్తు, బేరమాడి నా ప్రాణం తోడేసింది. ఆ గిన్నె చూసి నా గుండె కరిగిపోయింది, వీళ్ళనా నేను పిసినారులనుకున్నది అని. మర్నాటినుంచి వాడు వీధిలో కనబడితే ఆగి వందనాలండీ అనడం మొదలుపెట్టాను, వాడు ముందు వెనక్కి తిరిగి చూశాడు, తన వెనక ఎవరైనా పెద్దమనిషి ఉన్నాడేమోనని. ఆ తర్వాత భయపడ్డాడు. నేను అప్పు అడగబోతున్నానని అనుకుని ఉంటాడు, ఈ మధ్య నన్ను చూస్తే కొట్టు లోపలికి పోతున్నాడు. టీచరమ్మ స్టవ్వు ఊరికే బాగుచేసి ఇచ్చాను, ఆవిడ కుక్కరు నీలం పిడి మా ఇంటికి వచ్చిందని. ఎందుకయ్యా డబ్బు వద్దంటున్నావు అంటే, మీకు తెలుసు లెండి అని కన్ను కూడా గీటాను, పెళ్ళయిన ఇద్దరు మనవరాళ్ళున్న మనిషికి. ఆవిడ ఏమనుకుందో ప్రభువుకు తెలియాలి. బస్సు డ్రైవరు సంగతి వేరు, వాడు మంచివాడు, వాడి గిన్నె వచ్చినా రాకపోయినా మంచివాడే, కానీ వాడి కోసం నేను మోకరించి చేసిన ప్రార్థన ఉంది చూశారా, అది ఇప్పుడు ఎవరి పద్దులోకి పోయినట్టు? నా పనితనం ఎంతటిదంటే ఈ చుట్టుపక్కల ఏ గిన్నె చేతికిచ్చినా తిరగేసి చూసి ఏ ఇంటిదో చెప్పగలను, రివిట్టు తల చూసి చెప్పగలను, అతుకు అంచు చూసి చెప్పగలను. అంత తెలిసినవాణ్ణి కాబట్టే ఇంత పొరపాటు పడ్డాను. ఏమీ తెలియనివాడైతే దేవుడు పంపాడని తినేసి చేతులు కడుక్కునేవాడు.

మా చర్చిలో ఇచ్చేవాళ్ళు రెండు రకాలు. బెంచీ చేయించి ఇచ్చినవాడి పేరు బెంచీ వీపు మీద ఉంటుంది, వెనక వరసలో కూర్చున్నవాడు కళ్ళు తెరిస్తే ముందు ఆ పేరే కనబడాలి. నేను కూర్చునే చోట ఒక సిమెంటు వ్యాపారి తల్లిదండ్రుల జ్ఞాపకార్థం ఉంది, ఏళ్ళ తరబడి వాళ్ళను చూస్తూనే ప్రార్థన చేస్తున్నాను, వాళ్ళ ముఖం ఎలా ఉంటుందో కూడా ఊహించుకున్నాను, గిట్టని ముఖాలు. వంటగది తీరు వేరు. ఇచ్చిన చెయ్యి తీసుకున్నవాడికి తెలియకూడదు, తీసుకున్న గడప ఇచ్చినవాడికి తెలియకూడదు, గిన్నె తిరిగి ఇచ్చేటప్పుడు ఖాళీగా ఇవ్వాలి, అందులో పండు కూడా పెట్టకూడదు. పెడితే అది బదులు తీర్చుకోవడం అవుతుందట. జబ్బు ఉన్న ఇల్లు, బాలింత ఉన్న ఇల్లు, మనిషి పోయిన ఇల్లు, ఇవన్నీ అవ్వ నోట్లోనే ఉంటాయి, ఎక్కడా రాయరు. ఈ నియమం మొదటిసారి విన్నప్పుడు నేను నవ్వుకున్నాను. నేను ఎవడిదీ ఊరికే తినను. అందుకని గిన్నె ఖాళీగానే పంపేవాణ్ణి, కానీ పంపేముందు దాని సొట్ట తీసేవాణ్ణి, వదులైన చెవి బిగించేవాణ్ణి, అడుగు తళతళలాడేలా తోమేవాణ్ణి. అవ్వ ఒకసారి గిన్నెను వెలుగులో పెట్టి చూసి, ఖాళీగా పంపమంటే బాగుచేసి పంపుతావేం అంది. గిన్నె ఖాళీగానే ఉంది కదవ్వా అన్నాను. గిన్నె చంకన పెట్టుకుని వెళ్ళిపోయింది. ఆ రోజు గెలిచాననుకున్నాను.

తెర అవతల మంచం కిర్రుమంది. లేవలేదు. పక్కకు తిరిగింది అంతే. పక్కకు తిరగడం కూడా కొత్తగా వచ్చింది, మొన్నటిదాకా దిండ్లు పెట్టి నేనే తిప్పేవాణ్ణి.

ఊరికే ఇవ్వడం గురించి నాకు ఎవరూ చెప్పనక్కర్లేదు, నేను దానితోపాటు ఒకే ఇంటి కప్పు కింద పెరిగాను. మా అన్నను బజారులో పెద్దమేస్త్రి అంటారు, నన్ను చిన్నమేస్త్రి అంటారు, ఇప్పుడు ఎవరి కొట్టు వాళ్ళదే అయినా నేను చిన్నమేస్త్రినే, చచ్చేదాకా చిన్నమేస్త్రినే. నాన్న పోయినప్పుడు నన్ను బడి మాన్పించి కొట్టులో కూర్చోబెట్టారు, అన్న అప్పటికే కూర్చున్నాడు. పొద్దస్తమానం ఇద్దరం సుత్తి కొట్టేవాళ్ళం. ఎవరో ఒక ముసలావిడ పగిలిన పిడి పట్టుకుని వచ్చేది, చేతిలో ఏమీ ఉండేది కాదు, ముఖం చూస్తేనే తెలిసేది, అన్న బాగుచేసి, పోమ్మా, ప్రార్థనలో నన్ను తలుచుకో అని పంపేసేవాడు. ఒకరి వెనక ఒకరు వచ్చేవాళ్ళు. తలుచుకునేవాళ్ళు ఎక్కువయ్యారు, ఇచ్చేవాళ్ళు తగ్గారు. సాయంత్రం అప్పు మీద రొట్టెకు నేను వెళ్ళాలి, దుకాణంవాడి ముఖం నేను చూడాలి. రేకు నాది, బొగ్గు నాది, భుజం నొప్పి నాది, పుణ్యం మాత్రం వాడిది. దానకర్ణుడు. నా భార్య చెవిపోగులు అమ్మి రేకు తెచ్చిన నెలలోనే ఒకడికి కొత్త స్టవ్వు ఊరికే ఇచ్చేశాడు, వాడి ఇల్లు కాలిందట. ఇల్లు కాలిన మాట నిజమే. ఆ రోజు కొట్టు మధ్యలో నిలబడి, బజారంతా వినేలా అన్నాను.

"ఇచ్చుకో. ఎవరు వద్దన్నారు? నీ సగంలోంచి ఇచ్చుకో."

అన్న సుత్తి కింద పెట్టాడు. నా ముఖంలోకి చూశాడు. అదే మాటైతే సగం చేసుకుందాం రా అన్నాడు. కేకలు లేవు, అదే నాకు మండింది, వాడు కేకలు వేసి ఉంటే ఆ సాయంత్రానికి ఇద్దరం సర్దుకునేవాళ్ళం.

సగం చేయడానికి మేనమామ వచ్చాడు. ఆయన తూకం మనిషి. రైల్వేలో సరుకు తూచి తూచి ఆయనకు ప్రపంచమంతా రెండు పళ్ళేలుగా కనబడేది. కొట్టు రెండు గదులు, చెరొకటి. రేకు ఆనించి కొట్టే దాగలి ఒకరికి, పెద్ద కత్తెర ఒకరికి. సుత్తులు, పట్టకార్లు, సొట్టలు తీసే కర్రలు, అన్నీ నేల మీద రెండు కుప్పలు. కుర్చీలు బేసి వచ్చాయని ఒకటి ఆయనే పట్టుకుపోయాడు, గొడవ రాకుండా. చివరికి అమ్మ వంటగిన్నె మిగిలింది. అమ్మ పోయి అప్పటికి కొన్నాళ్ళే. ఆ గిన్నెలోనే మా ఇద్దరినీ పెంచింది, జ్వరం వస్తే దాంట్లోనే, పండగొస్తే దాంట్లోనే. అన్న వాణ్ణి తీసుకోనివ్వు అన్నాడు నన్ను చూపించి, నేను వాడినే తీసుకోమను అన్నాను, ఇద్దరం ఎవరికి వాళ్ళం ఉదారంగా కొట్టుకున్నాం. మేనమామకు విసుగొచ్చింది. గిన్నె తీసి అన్న కుప్పలో పెట్టాడు, మూత తీసి నా కుప్పలో పెట్టాడు, సమానం అని చేతులు దులుపుకున్నాడు. ఎవరమైనా నవ్వాలి అక్కడ. ఏ ఒక్కడు నవ్వినా అయిపోయేది. మా ఆవిడా వదినా గుమ్మంలో నిలబడి నోట్లో కొంగులు కుక్కుకోవడం చూశాను, ఏడుస్తున్నారనుకున్నాను, నవ్వు ఆపుకుంటున్నామని తర్వాత మా ఆవిడ చెప్పింది. మేమిద్దరం మాత్రం ముఖాలు గంటు పెట్టుకుని, వాడు గిన్నె ఎత్తుకుని, నేను మూత చంకలో పెట్టుకుని, చెరో గుమ్మంలోంచి బయటికి పోయాం. ఆ మూత అటక మీద ఉంది. పాత దుప్పట్లో చుట్టి పెట్టాను. దేనికీ పనికిరాదు, అది ఇంకే గిన్నెకూ పట్టదు, చూశాను.

ఆవిరి ఇందాకటంత లేదు. లేదా వెలుతురు మారింది. కిటికీలోంచి ఎండ బల్ల అంచుదాకా వచ్చింది, గిన్నె ఎడమ చెవి మీద పడింది, వంకర రివిట్టు మెరుస్తోంది. ఎవరెవరో తోమిన మెరుపు, ఎన్నెన్నో ఇళ్ళలో, ఎవరెవరి వేళ్ళో.

అది నేను కొట్టిన మొదటి రివిట్టు. గిన్నెకు చెవి పెట్టాలంటే ఒకడి వల్ల కాదు, ఒకడు లోపల ఇనప దిమ్మ ఆనించి పట్టుకోవాలి, ఇంకొకడు బయటినుంచి కొట్టాలి, పట్టుకున్నవాడి చెయ్యి గిన్నె లోపల ఉంటుంది, కొట్టేవాడికి కనబడదు. అన్న పట్టుకున్నాడు. నాకు సుత్తి బరువు, రెండు చేతులతో ఎత్తాను, కింది రివిట్టు వాడు కొట్టి చూపించాడు, పైది నన్ను కొట్టమన్నాడు, కొట్టాను, తల పక్కకు ఒరిగి అణిగిపోయింది, కాలు తప్పిన తాగుబోతులా. నాకు ఏడుపొచ్చింది. తీసేసి మళ్ళీ కొట్టమంటాడనుకున్నాను, నాన్నయితే తీయించి తల మీద ఒకటిచ్చేవాడు. అన్న చెవి పట్టుకుని లాగి చూశాడు, ఊపి చూశాడు. గట్టిగానే ఉంది, ఉండనీ, నువ్వు కొట్టిందని తెలుస్తుంది అన్నాడు. అమ్మ ఆ గిన్నె దించేటప్పుడల్లా మా చిన్నోడి చెవి పట్టుకుంటున్నా అనేది, నేను నా చెవి తడుముకునేవాణ్ణి. ఇదంతా ఎక్కడ దాక్కుందో ఇన్నాళ్ళు. ఒక పూట భోజనం లోపలికి వస్తే దాని వెనకే ఇల్లంతా లోపలికి వస్తుందని ఎవరనుకున్నారు.

ఆసుపత్రికి వచ్చాడు వాడు. వరండా అవతలి చివర నిలబడ్డాడు, చెప్పులు చేత్తో పట్టుకుని, అక్కడ ఎవరూ విప్పమనలేదు. వదిన లోపలికొచ్చి మా ఆవిడ కాళ్ళ దగ్గర కూర్చుంది. నేను కిటికీ వైపు తిరిగాను. కిటికీలోంచి నీళ్ళ ట్యాంకు తప్ప ఏమీ కనబడదు, ఆ ట్యాంకునే చూశాను, మెడ పట్టేసేదాకా చూశాను, మళ్ళీ తిరిగేసరికి వరండా ఖాళీ. ఆ రోజు ప్రభువును ఒకటే అడిగాను, ఈవిడను ఇంటికి పంపు, ఇంకేమీ అడగను అని. పంపాడు. ఇంటికి వచ్చిన రోజున ఆవిడను మంచం మీద పడుకోబెట్టి వంటింట్లోకి వెళ్ళాను. వంటింటి నిండా నేను బాగుచేసిన గిన్నెలు, ఒక్కదానితో ఏం చేయాలో నాకు తెలియదు. ఉప్పు ఏ డబ్బాలో ఉందో తెలియదు. పిల్లల్లేని ఇల్లు, పిలిస్తే పలికేవాళ్ళు లేరు. గిన్నెలో నీళ్ళు పోసి స్టవ్వు వెలిగించి, ఆ తర్వాత ఏమిటని నిలబడ్డాను. అప్పుడే తలుపు కొట్టారు. తాళాల గలగల. అవ్వ ఏమీ అడగలేదు, లోపలికొచ్చి, నా స్టవ్వు ఆర్పి, తను తెచ్చింది పెట్టి వెళ్ళింది. నేను ఆ పూట నిలబడే తిన్నాను, గోడకు ఆనుకుని, కళ్ళు తుడుచుకుంటూ, అందులో ఏముందో కూడా గుర్తులేదు, వేడిగా ఉందని గుర్తు. అప్పటినుంచి ఒక్క పూట తప్పలేదు. వాన కురిసిన రోజున కూడా, అవ్వకు దగ్గు వచ్చిన రోజున కూడా, వేరే ఎవరో తెచ్చి గుమ్మంలో పెట్టి తలుపు తట్టి వెళ్ళిపోయారు, తీసి చూస్తే వీధిలో గొడుగు వీపు ఒకటి కనబడింది. ఆ గొడుగు వీపుకు నేను ఏ దండం పెట్టాలి?

అందులో ఎన్ని పూటలు వదిన చేతివో. ఒకటీ కాకపోవచ్చు. అన్నీ కావచ్చు. అవ్వ గిన్నెలు పంపే ఇళ్ళు ఇంకా ఉన్నాయి, తను వండింది మా ఇంటికే వస్తుందని వదినకు మాత్రం ఏం తెలుసు, తెలియకుండానే పొయ్యి ముందు నిలబడి ఉంటుంది, నా ఇంటికి వెళ్తుందని తెలిసి ఉంటే ఉప్పు ఎక్కువ వేసేదా తక్కువ వేసేదా, ఏమో. వదిన సూపులో మిరియాలు ఎక్కువ. పళ్ళెం ఎత్తి ఒక చెంచా నోట్లో వేసుకుంటే చాలు, నాకు తెలిసిపోతుంది, రివిట్టు చూసినంత తేలిగ్గా. చెయ్యి పళ్ళెం మీదకు వెళ్ళింది. తెలిసిందే అనుకో. వదినది కాదని తేలితే పెడతానా, వదినదైతే ఏం చేస్తాను? కాలువలో పోస్తానా? తెర అవతల ఆ ఈల వింటూ, రొట్టె ముక్క కోసం నిన్నటినుంచి వేచి ఉన్న మనిషి లేచి అడిగితే ఏమని చెబుతాను, నాకూ మా అన్నకూ పడదు, నువ్వు ఇంకో పూట నీళ్ళు తాగు అనా? ఇన్నాళ్ళూ నా బుర్రలో తిరిగిన దండాలన్నీ తప్పు గుమ్మాలకు పోయాయి. సరైన గుమ్మం ఏదో నాకు తెలియదు, తెలిసే దారి లేదు, అవ్వ దాన్ని తన గరిటెతో కలిపేసింది. ఇక మిగిలింది ఒకటే, అందరికీ పెట్టాలి, టైర్ల కొట్టువాడికీ పెట్టాలి, పెద్దమేస్త్రికీ పెట్టాలి. వాణ్ణి ఒక్కణ్ణి అందులోంచి ఏరి పారెయ్యాలంటే ఏ పట్టకారుతో ఏరాలి?

పళ్ళెం ఎత్తలేదు. గిన్నె అంచు ముట్టుకుని చూశాను. చల్లబడుతోంది.

లేచాను. గిన్నెను చెవులు పట్టుకుని ఎత్తాను, నా ఎడమ బొటనవేలు సరిగ్గా ఆ వంకర మీద పడింది, పట్టు కోసమే దాన్ని అలా కొట్టినట్టు. స్టవ్వు మీద పెట్టి సన్న మంట చేశాను. పళ్ళెం జారుతూనే ఉంది, ఒక పక్కకు జరిపితే ఇంకో పక్క సందు, వేడంతా బయటికే పోతోంది, ఇలాగైతే ఈవిడ లేచేసరికి సగం ఇగిరిపోతుంది. పనివాణ్ణి, నాకు ఇలాంటివి చూస్తే ఒళ్ళు మండుతుంది. మూత లేకుండా గిన్నె ఇస్తారా ఎవరైనా, ఇన్ని ఇళ్ళు తిరిగింది, ఇన్ని ఇళ్ళలోనూ ఇలాగే ఎవరో ఒకరు ఏదో ఒక పళ్ళెం బోర్లించి, అది జారితే సర్దుతూ, ఇంత పెద్ద గిన్నెకు మూత ఏమైంది అనుకుని ఉంటారు. ఏమైంది. నా అటక మీద ఉంది.

అక్కడే నిలబడిపోయాను, స్టవ్వు ముందు, పట్టుగుడ్డ చేతిలో పట్టుకుని. నీ సగంలోంచి ఇచ్చుకో అన్నాను. ఇచ్చాడు. ఆ ఏడే పట్టుకెళ్ళి ఇచ్చేశాడు. మూత లేకుండా ఎందుకు ఇచ్చాడంటే అది వాడి సగం కాదు కాబట్టి. బజారంతా వినేలా నేనన్న మాటను వాడు ఒక్కడే విన్నాడు, విని, అక్షరం తప్పకుండా చేశాడు, నన్ను ఒక్కసారి అడగలేదు, ఆ మూత ఇటివ్వరా అని కబురు పంపలేదు. నేను కొట్టిన రివిట్టును మాత్రం గిన్నెతోపాటు తీసుకెళ్ళి ఆ అలమరలో పెట్టాడు. అమ్మ గిన్నె, వాడి చెయ్యి, నా వంకర, అన్నీ కలిసి ఊరికి అన్నం పెడుతూ తిరుగుతున్నాయి ఇన్నేళ్ళుగా, ఇంటి దగ్గర కూర్చుని ఎవడిదీ ఊరికే తిననని నేను బీరాలు పలుకుతూ ఉన్నాను.

బల్ల లాగి ఎక్కాను. అటక మీద దుప్పటి దుమ్ముతో బిగుసుకుపోయింది. విప్పితే మూత అలాగే ఉంది, కొంచెం రంగు మారింది, అంచున ఒకచోట సొట్ట, అమ్మ చేతిలోంచి జారిపడ్డప్పటిది. నీళ్ళతో కడిగాను, గుడ్డతో తుడిచాను. పళ్ళెం తీసి మూత పెట్టాను. మూత కూర్చోలేదు. ఇన్నేళ్ళలో గిన్నె నోరు మారిపోయిందా అనుకున్నాను. తర్వాత గుర్తొచ్చింది, అమ్మ దాన్ని పెట్టి కొంచెం తిప్పేది, సొట్ట ఎడమ చెవి మీదికి వచ్చేదాకా. తిప్పాను. టక్కున దిగింది. ఆ చప్పుడు.

"ఏమండీ." తెర అవతలినుంచి. ఈల లేదు, లేచింది. "అది అత్తయ్య గిన్నె మూత కదూ?"

"ఊఁ."

"గిన్నె లేకుండా మూత ఎలా పెట్టారు?"

తెర తీశాను. దిండ్లు వెనక సర్ది కూర్చోబెట్టాను. ఆవిడ మెడ చాచి స్టవ్వు వైపు చూసింది, చాలాసేపు చూసింది. బావగారు పంపారా అని అడుగుతుందని తెలుసు, అడిగింది. ఎవరు పంపారో తెలియదు, ఎవరికీ తెలియదట, అవ్వకు కూడా అన్నాను. అదేం కట్టడి అంది. అంతే, అలాంటిదే అన్నాను. మూత తీస్తే ఆవిరి నా కళ్ళద్దాల మీదికి కొట్టింది, ఏమీ కనబడలేదు కాసేపు, కనబడకపోవడం కూడా బాగానే ఉంది. చిన్న గిన్నెలోకి వంచి, రొట్టె తుంచి, నాననిచ్చి, ఊది, మొదటి చెంచా పెట్టాను. కళ్ళు మూసుకుంది. దవడ కదిలింది. నెమ్మదిగా, మరిచిపోయిన పనిని గుర్తు చేసుకుంటున్నట్టు. ఆ కదలిక చూస్తూ ఉంటే నాలో ఎక్కడో ఏళ్ళ తరబడి బిగించిపెట్టిన మర ఒకటి వదులైంది, చప్పుడు కూడా చేయకుండా.

"ఎలా ఉంది?"

"నమలనివ్వండి."

నమలనిచ్చాను. మొత్తం తింది. మిరియాలు ఉన్నాయా అని నేను అడగలేదు, ఉన్నాయని ఆవిడ చెప్పలేదు. మిగిలింది నేను తిన్నాను, కూర్చుని, ఆ మంచం అంచునే, నా నోటికి ఏ చెయ్యీ తెలియలేదు, తెలుసుకోవాలని నాలుక వెతకలేదు కూడా. తిన్నాక ఇద్దరం తల వంచాం. మామూలుగా ప్రార్థన ఆవిడ చెబుతుంది, ఇవాళ ఓపిక లేదు మీరే చెప్పండి అంది. నాకు మాటలు రావు. ప్రభువా, వండిన చేతులు అన్నాను. అక్కడ ఆగిపోయాను. ఆవిడ ఆమేన్ అనేసింది.

గిన్నె తోమాను. సుత్తి తీసుకున్నాను, అలవాటు, చెవి పట్టుకుని లాగి చూశాను, ఊపి చూశాను. గట్టిగానే ఉంది. సుత్తి కింద పెట్టేశాను. గిన్నె తుడిచి ఖాళీగా బల్ల మీద పెట్టి, మూత పెట్టి, సొట్ట ఎడమ చెవి మీదికి వచ్చేలా తిప్పాను. ఆవిడ మంచం మీదినుంచి చూస్తోంది.

"మూత కూడా ఇచ్చేస్తున్నారా? ఖాళీగా ఇవ్వాలన్నారుగా."

"ఖాళీగానే ఉంది," అన్నాను. "నా సగం అది."

పింగాణీ పళ్ళెం ఒకటి మిగిలింది. కడిగాను. ఇన్నాళ్ళ అలవాటు, ఎవరిదో చూద్దామని చేతుల్లో తిప్పబోయాను. తిప్పలేదు. ఎలా ఉన్నదాన్ని అలాగే తుడిచి, మూత మీద పెట్టి, రెండు చేతులతో గిన్నె చెవులు పట్టుకుని, చర్చి వంటగది వైపు బయలుదేరాను. మా అన్న కొట్టు దారిలోనే ఉంది. ఇన్నేళ్ళూ వెనక సందులోంచి తిరిగి వెళ్ళేవాణ్ణి. గిన్నె బరువు కదా, దగ్గర దారినే నడిచాను.